తోడు పెట్టుట
(జంషెడ్‌పూరులో జరిగిన సంఘసభ్యుల కుటుంబ సమావేశమున చేసిన ప్రసంగము)



మీ కార్యవర్గమువారు నన్ను ఆహ్వానించినప్పుడు, నేను ప్రబంధములను గూర్చియో, శాసనములను గూర్చియో మాటలాడుదునని తలంచిరి. నేను ఎన్నుకొన్న విషయము చెప్పగానే కార్యదర్శిగారు ఒక క్షణము మాటలేక ఊరకుండిరి. పాత కంప్యూటరులో ఆపరేటింగ్ సిస్టమును క్రొత్తగా నెలకొల్పుటకు పెన్ డ్రైవును సిద్ధము చేయుట ఎట్లు అనునదే నా విషయము. నేను చరిత్ర చదివి బి.ఏ. పట్టము పొందినవాడను, సచివాలయమున దస్త్రములు త్రిప్పుచు కాలము గడుపువాడను. జాతీయ లోహశాస్త్ర ప్రయోగశాల 1950 నుండి వెలసియున్న ఈ ఊరిలో, శాస్త్రజ్ఞులు కూర్చున్న సభలో, నేను యంత్రములను గూర్చి పలుకుట సాహసమే. అయినను, తెలియనివాడు కష్టపడి నేర్చుకొన్నది తెలియనివానికి చెప్పుట కొంత సులభము. ఎక్కడెక్కడ కాలు జారునో అతనికి జ్ఞాపకముండును గదా!

ఈ విషయము ఇప్పుడెందుకు? 2015 జూలై 29న వెలువడిన విండోస్ 10కు ఉచిత రక్షణ సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. కోరినవారికి మరియొక యేడు, అనగా 2026 అక్టోబరు 13 వరకు, గడువు పొడిగింపబడినది. తరువాతి విండోస్ 11 అన్ని యంత్రములను అంగీకరింపదు. నాలుగు గిగాబైట్ల జ్ఞాపకశక్తి, అరువదినాలుగు గిగాబైట్ల నిల్వస్థలము ఉన్నను చాలదు, టి.పి.ఎం. 2.0 అను రక్షణ సాధనమును, తన జాబితాలోనున్న ప్రాసెసరును అది కోరును. 2017కు పూర్వపు ప్రాసెసరులలో చాల భాగము ఆ జాబితాలో లేవు. తత్ఫలితముగా మన ఇండ్లలో, మీట నొక్కిన వెలుగుచున్నవి, తెర చెడనివి, మీటలు విరుగనివి అయిన కంప్యూటరులు పాత ఇనుపసామానుల బండి ఎక్కుచున్నవి. పిల్లవాని చదువునకు అప్పుచేసి కొన్న యంత్రము కొన్ని వందల రూపాయలకు పోవుచున్నది. యంత్రము చెడలేదు, దానిని నడిపించు వ్యవస్థకు కాలము తీరినది. ఈ రెంటికిని గల భేదము తెలిసినవాడు దానిని పారవేయడు. ఆ భేదమును తెలుపుటయే నా ప్రసంగోద్దేశము.

కంప్యూటరు మీట నొక్కగానే ఏమి జరుగును? యంత్రపు ముఖ్యఫలకము మీద ఒక చిన్న చిప్పు ఉండును. అందులో నిలిచియున్న ప్రోగ్రామును పాత యంత్రములలో బయాస్ అనియు, క్రొత్తవాటిలో యు.ఈ.ఎఫ్.ఐ. అనియు పిలుతురు. మొట్టమొదట మేల్కొనునది అదియే. మీటలు, తెర, జ్ఞాపకశక్తి సరిగానున్నవో లేవో అది పరీక్షించును. అంతకుమించి దానికి పెద్దగా ఏమియు తెలియదు. ఉత్తరము వ్రాయుట, పాట వినిపించుట, చిత్రము చూపుట మున్నగు పనులన్నిటికిని ఆపరేటింగ్ సిస్టము కావలెను. అది డిస్కులో నిద్రించుచుండును. దానిని లేపి పని అప్పగించుటయే ఆ చిప్పు బాధ్యత. దీనినే బూట్ అగుట అందురు. తన జోడు పట్టీలను తానే పట్టుకొని తన్ను తాను పైకి ఎత్తుకొనుట అను అర్థముగల పాత ఆంగ్లపదము కురుచయై ఈ మాట ఏర్పడినది. ఆపరేటింగ్ సిస్టమును చదివి లోనికి తెచ్చుకొనుటకే ఒక ప్రోగ్రాము కావలెను. ఆ ప్రోగ్రామును తెచ్చుటకు మరియొకటి కావలెను. ఈ చిక్కును విప్పుటకే ఆ చిన్న చిప్పు.

మరి డిస్కులో ఏమియు లేకున్నచో, లేక ఉన్నది పనికిరానిదైనచో? ఇక్కడ నాకు మన ఇండ్లలోని ఒక ఆచారము గుర్తునకు వచ్చుచున్నది. సెలవులకు స్వగ్రామమునకు పోయి నెలదినములకు తిరిగి వచ్చిన గృహిణి మొదట చేయు పని యేమి? పాలు కాచి, గిన్నె పట్టుకొని పొరుగింటికి పోయి, "వదినా, కొంచెము తోడు పెట్టెదవా?" అని అడుగుట. పాలెంత చిక్కనివైనను తోడు లేనిదే మంచి పెరుగు కాదు. చెంచాడు తోడుతో కుండెడు పెరుగగును. ఇచ్చినవారికి తరుగు లేదు. మరునాడు ఆ కుండ నుండియే ఇంకొకరికి తోడు ఈయవచ్చును. బూట్ కాదగిన పెన్ డ్రైవు కంప్యూటరునకు అటువంటి తోడు. ఒక్కసారి సిద్ధము చేసిన పెన్ డ్రైవుతో ఒకదాని తరువాత ఒకటిగా ఎన్ని యంత్రములనైనను లేపవచ్చును.

ఈ తోడును మోయు పాత్ర కాలానుగుణముగా మారినది. మొదట ఫ్లాపీ డిస్కులు వాడుకలో నుండెను. సి.డి. నుండి యంత్రమును మేల్కొలుపుటకు 1995లో ఫీనిక్స్, ఐ.బి.ఎం. సంస్థలవారు ఒక నిబంధనను ఏర్పరచి, దానికి ఎల్ టోరిటో అను భోజనశాల పేరు పెట్టిరి. తోడుకు భోజనశాల పేరు తగియేయున్నది! 1996లో యు.ఎస్.బి. తొలి నిబంధన వెలువడినది. దానిని రూపొందించిన ఇంటెల్ బృందములో ప్రముఖుడు వడోదరలో పుట్టిన అజయ్ భట్. 2000లో అంగడికి వచ్చిన తొలి పెన్ డ్రైవులలో ఎనిమిది మెగాబైట్లు పట్టెడి చోటుండెను. నేడు ఎనిమిది గిగాబైట్ల పెన్ డ్రైవు, అనగా వేయిరెట్లు పెద్దది, మన పనికి సాధారణముగా చాలును.

ఇక పద్ధతి. మొదట ఆపరేటింగ్ సిస్టము యొక్క ప్రతిని సంపాదింపవలెను. ఇది ఐ.ఎస్.ఓ. అను ఒకే పెద్ద ఫైలుగా లభించును. విండోస్ 11 నడువదగిన యంత్రమైనచో మైక్రోసాఫ్ట్ వారి స్థలము నుండి దానిని తెచ్చుకొనవచ్చును. నడువనిచో లినక్స్ కుటుంబమువి ఉన్నవి. 1991లో ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్ ఆధారముగా 1993లో డెబియన్, 2004లో ఉబుంటు వెలసినవి. మన కేంద్రప్రభుత్వ సంస్థయైన సి-డాక్ వారు భారతీయ భాషలను దృష్టియందుంచుకొని 2007లో బాస్ అనుదానిని వెలువరించిరి. అదియు డెబియన్ సంతతియే. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు తెలుగు కొరకు ఇట్టి కృషియే చేసిరి. ఇవి అన్నియు వెలలేనివి. పంచుకొనుట నేరము కాదు సరిగదా, పంచుకొనుటయే వాటి ధర్మము.

కాని తోడు ఎవరి ఇంటినుండి తెచ్చుచున్నామో చూచుకొనవలెను. పాడైన తోడు కుండెడు పాలను పాడుచేయును. అపరిచితులు ఇచ్చిన ప్రతిని, సంతలో అమ్ము ప్రతిని వాడరాదు. తయారుచేసినవారి స్వంత స్థలము నుండియే తీసికొనవలెను. తీసికొన్న తరువాత సరిచూడవలెను. ఫైలుతోపాటు వారు షా-256 అను ఒక గుర్తును ప్రకటింతురు. అది అరువదినాలుగు అక్షరాంకముల వరుస. మన ఫైలుకు అదే లెక్క కట్టినచో అదే వరుస రావలెను. ఫైలులో ఒక్క చుక్క మారినను వరుస యావత్తు మారిపోవును. దస్త్రము మీది ముద్రను అసలు ముద్రతో పోల్చి చూచుట వంటిది ఇది. ఐదు నిమిషముల పని. అయినను నూటికి తొంబది మంది చేయరు. మొదట నేనును చేయలేదు.

తరువాత ఆ ఫైలును పెన్ డ్రైవులోనికి ఎక్కింపవలెను. తొలిసారి చేయువారందరు పొరపడు చోటు ఇది. ఫైలును పట్టుకొని పెన్ డ్రైవులో పడవేసినచో చాలునని నేననుకొంటిని. యంత్రము దానిని కన్నెత్తియైనను చూడలేదు. ఏలయనగా, మేల్కొనుచున్న చిప్పునకు ఫైలు విప్పి చదువు విద్య లేదు. పాత బయాస్ అయినచో డిస్కు మొదటి గడిలో, 512 బైట్ల చోటులో, చిన్న ప్రోగ్రాము ఉన్నదా అని చూచును. యు.ఈ.ఎఫ్.ఐ. అయినచో ఒక నిర్ణీతమైన అరలో, నిర్ణీతమైన పేరుతోనున్న ఫైలు కొరకు వెదకును. ఆ స్థానములలో ఆ వస్తువులు ఉన్నప్పుడే పెన్ డ్రైవు బూట్ కాదగినదగును. మూతవేసిన డబ్బాలోని తోడును డబ్బాతో సహా పాలలో వేసిన పెరుగు తోడుకొనునా?

ఈ అమరికను చేసిపెట్టుటకు ఉచిత సాధనములు కలవు. విండోస్ యంత్రములో పనిచేయువారికి 2011 నుండి రూఫస్ అనునది ఉన్నది. ఎచర్ అనునది విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటను నడచును. వీనిలో చేయవలసినవి మూడే: ఐ.ఎస్.ఓ. ఫైలును చూపుట, పెన్ డ్రైవును ఎన్నుకొనుట, ప్రారంభింపుమనుట. రూఫస్ మరియొకటి అడుగును: విభజన పద్ధతి జి.పి.టి.యా, ఎం.బి.ఆర్.యా అని. క్రొత్త యు.ఈ.ఎఫ్.ఐ. యంత్రమునకు మొదటిది, పాత బయాస్ యంత్రమునకు రెండవది. వ్రాత ముగిసిన తరువాత "ఈ డ్రైవును ఫార్మాటు చేయవలెనా?" అని విండోస్ ఒక్కొక్కప్పుడు అడుగును. ఒప్పుకొనరాదు. లినక్స్ వ్రాతను చదువలేక అది అట్లడుగుచున్నది. ఒప్పుకొన్నచో చేసిన పనియంతయు పోవును.

ఈ మూడు పనులలో రెండవది, పెన్ డ్రైవును ఎన్నుకొనుట, మిక్కిలి ప్రమాదకరమైనది. ఆ సాధనము మనము చూపిన డ్రైవులోనున్న సమస్తమును తుడిచివేసి తన వ్రాత వ్రాయును. ఈ మాట నేను పుస్తకములో చదివి చెప్పుట లేదు.

మా తండ్రిగారు యౌవనమున ఈ ఊరిలోనే పనిచేసిరి. టెక్కలి దగ్గరి మా గ్రామములోనున్న మా అమ్మగారికి ఇచ్చటినుండి ఉత్తరములు వ్రాసెడివారు. కొలిమి వెలుగునకు రాత్రి ఆకాశము ఎఱ్ఱబారుట, సువర్ణరేఖలో వరద వచ్చుట, సాక్చి సంతలో కాయగూరల ధర, పండుగకు సెలవు దొరకునో లేదో అను చింత, ఇవన్నియు వానిలో నుండెను. మొత్తము అరువదియొక్క ఉత్తరములు. వారు గతించిన తరువాత నేను వానినన్నిటిని ఛాయాచిత్రములు తీసి ఒక పెన్ డ్రైవులో దాచితిని. దాచితిని గదా యను ధైర్యముతో అసలు కాగితములను గ్రామములోని పెట్టెలోనే వదలితిని.

కొన్నాళ్లకు మా అబ్బాయి కంప్యూటరునకు లినక్స్ ఎక్కింపబూనితిని. ఒకే అంగడిలో కొన్న రెండు నల్లని పెన్ డ్రైవులు, రెండును పదునారు గిగాబైట్లవి, యంత్రమునకు తగిలించి యున్నవి. జాబితాలో రెండును ఒక్కలాగే కనిపించినవి. ఒకదానిని ఎన్నుకొంటిని. "ఇందులోని సమాచారమంతయు నశించును, సమ్మతమేనా?" అని తెర అడిగినది. ఇరువది యేండ్లుగా దస్త్రముల మీద పొడి అక్షరములు చేయుచు వచ్చిన చేయి ఇది. చదువకయే "సరే" యని నొక్కినది. ఆరు నిమిషములలో పని జయప్రదముగా ముగిసినది. యంత్రము దివ్యముగా నడచినది. మరునాడు మిగిలిన పెన్ డ్రైవు తెరచి చూచితిని. అది ఖాళీ.

పోయినవానిని తిరిగి రాబట్టు సాధనములు ప్రయత్నించితిని. కాని పాత వ్రాత మీద క్రొత్త వ్రాత పడిన చోట ఎవరును ఏమియు చేయలేరు. గ్రామమునకు పోయి పెట్టె తెరచితిని. చెదలు నాకంటె ముందుగా వచ్చియున్నవి. ముప్పదియెనిమిది ఉత్తరములు మిగిలినవి. ఇరువదిమూడు పోయినవి. మా అమ్మగారు నన్ను ఒక్క మాటయు అనలేదు. "వానిలో ఏమున్నదో నాకు తెలియును లే" అనిరి. ఆమెకు తెలియును, నా బిడ్డలకు ఎట్లు తెలియును?

కావున మీకందరికిని నా మనవి: పెన్ డ్రైవు సిద్ధము చేయునప్పుడు ఆ యంత్రమునకు ఆ ఒక్కటి తప్ప మరి యే డ్రైవును తగిలించియుండరాదు. దానికొక ఎఱ్ఱదారము కట్టి గుర్తు పెట్టుకొనుడు. అక్కరగల ప్రతి వస్తువునకును రెండు ప్రతులు, రెండు వేర్వేరు చోటుల, ఉండవలెను. ఒక్క ప్రతి ఉన్నదనగా అది లేనట్లే. యంత్రము వేయు ప్రశ్నను చదివిన తరువాతనే సమ్మతింపుడు.

పెన్ డ్రైవు సిద్ధమైన పిమ్మట దానిని పాత యంత్రమునకు తగిలించి, మీట నొక్కిన వెంటనే బూట్ పట్టికను పిలువవలెను. తయారుచేసినవారినిబట్టి ఎఫ్ 12, ఎఫ్ 9, ఎస్కేప్ మున్నగు మీటలలో ఒకటి దానిని తెరచును. పట్టికలో పెన్ డ్రైవును ఎన్నుకొనవలెను. విండోస్ యంత్రములో బిట్‌లాకర్ రక్షణ ఉన్నచో, ఈ అమరికలను ముట్టుకొనకముందే నలువదియెనిమిది అంకెల తాళపు సంఖ్యను వ్రాసి పెట్టుకొనుడు. లేనిచో మీ ఇంటి తలుపు మీకే మూసికొనిపోవును.

ఉబుంటు వంటివానిలో మెచ్చదగిన సౌకర్యమొకటి కలదు. డిస్కును ముట్టకయే, పెన్ డ్రైవు నుండియే వ్యవస్థను నడిపి చూడవచ్చును. శబ్దము వచ్చుచున్నదా, అంతర్జాలము అందుచున్నదా, ముద్రణయంత్రము పలుకుచున్నదా పరీక్షించి, తృప్తి కలిగిన తరువాతనే స్థాపింపవచ్చును. స్థాపించునప్పుడు మరల ఆ ప్రశ్నయే వచ్చును: పాతదాని ప్రక్కన పెట్టవలెనా, పాతదానిని తుడిచివేయవలెనా? నా కథ జ్ఞాపకముంచుకొనుడు.

లోపములు దాచుట న్యాయము కాదు. విండోస్ కొరకే చేసిన లెక్కల ప్రోగ్రాములు లినక్స్‌లో నడువకపోవచ్చును. అను లిపులలో కూర్చిన పాత తెలుగు వ్యాసములు నేరుగా తెరచిన అర్థముకాని గుర్తులుగా కనబడును. వానిని ముందుగా యూనికోడునకు మార్చుకొనవలెను. మరియొక హెచ్చరిక ఉద్యోగులకు. ఈ విద్యను మీ ఇంటి యంత్రము మీద మాత్రమే ప్రయోగింపుడు. కార్యాలయపు యంత్రము సర్కారు సొత్తు. అందులో అనుమతి లేనిదే ఇంటి పెన్ డ్రైవును తగిలించుటయే తగదు, వ్యవస్థను మార్చుట మాట చెప్పనేల?

డెబియన్ స్థాపనకు పెన్ డ్రైవు పెట్టినచో తెర మొట్టమొదట అడుగు ప్రశ్న, "ఏ భాష?" అని. చిత్రరూపముననున్న స్థాపనను ఎన్నుకొన్నచో ఆ జాబితాలో తెలుగు కనబడును. గుణింతములను, ఒత్తులను కూర్చి చూపవలసియుండుటచే, ఉత్త అక్షరముల తెరపై అది కానరాదు. మా అబ్బాయి ఆ జాబితాను క్రిందికి జరుపుచు, "నాన్నా, మన భాష ఉన్నది!" అని కేక పెట్టినాడు. హిందీలో ఆడుకొని, ఇంగ్లీషులో చదువుకొను బిడ్డ అతడు. ఎవరో మన తెలుగువారే, ప్రతిఫలము కోరక, ఒక్కొక్క వాక్యము తెనిగించి పెట్టినందుననే ఆ పేరు అక్కడ నిలిచినది. ఆ రోజు మిగిలియున్న ముప్పదియెనిమిది ఉత్తరములను అతడే ఆ యంత్రములో ఎక్కించి, ఒక్కొక్కదానిని కూడబలుకుకొని చదువసాగినాడు. రెండవ ప్రతిని నేను మా చెల్లెలి ఇంట ఉంచితిని.

తుదకు మీ సంఘమునకు ఒక సూచన. సరిచూచిన రెండు పెన్ డ్రైవులు సంఘ గ్రంథాలయములో ఉండనిండు. పుస్తకము ఇచ్చినట్లు వానిని సభ్యులకు ఇయ్యవచ్చును. నెలకొక ఆదివారము ఎవరి ఇంట మూలబడియున్న యంత్రమును వారు తీసికొని రండు. తెలిసిన యువకులు ప్రక్కన కూర్చుందురు గాక. కాని చేయి మాత్రము యజమానిదే కావలెను. అప్పుడే రెండవసారి ఎవరిని అడుగవలసిన పని ఉండదు. లేచిన యంత్రములలో అధికముగానున్నవానిని కంప్యూటరు లేని బిడ్డలకు ఈయవచ్చును.

మన పెద్దలు ఈ ఊరికి పొట్ట చేతబట్టుకొని వచ్చినప్పుడు, ముందు వచ్చినవారి ఇంట తోడు తెచ్చుకొనియే తమ సంసారములు నిలుపుకొనిరి. తోడు అడుగుటకు ఎవరును సిగ్గుపడలేదు. ఇచ్చుటకు ఎవరును వెనుదీయలేదు. ఆ ఆచారమును ఈ క్రొత్త గిన్నెతో కొనసాగింపుడు.